కొండలలో అన్వేషణ

ఆకాశవాణిలో పనిచేయువారికి దినమునకు ఎన్నియో కాగితములు చదువవలసివచ్చును. వార్తలు చదువుదుము. మిరప, పత్తి, పొగాకు ధరవరలు చదువుదుము. వాతావరణసూచన చదువుదుము. వీనిలో ఒక్క కాగితమునకు మాత్రము మా కంఠము ఇన్నేండ్లైనను అలవాటుపడలేదు. అది తప్పిపోయినవారిని గూర్చిన ప్రకటన. "వయస్సు ముప్పది ఆరు. చామనచాయ. ఐదడుగుల ఆరంగుళముల ఎత్తు. ఇల్లు విడిచిన నాడు తెల్లపంచె, గళ్లచొక్కా ధరించియుండెను. కుడి మోచేతిక్రింద కాలిన మచ్చ కలదు." ఇట్లు నాలుగైదు వాక్యములలో ఒక మనిషి ముగిసిపోవును. తరువాత పాట వచ్చును. కాని ఆ పాట చెవికెక్కక, ఆ నాలుగైదు వాక్యములనే తలచుకొనుచు కూర్చున్న యిల్లొకటి ఎచ్చటనో ఉండును.

అట్టి యింటిలో మేమును ఒకప్పుడు కూర్చుంటిమి. ఆ సంగతి ప్రసంగము చివర విన్నవింతుము. కొండలలో తప్పిపోయినవారిని వెదకు కథలు మన ప్రాంతమున ఏమేమి కలవో, అవి మనకేమి చెప్పుచున్నవో ముందుగా కొంత విచారింతము.

గుంటూరు, ప్రకాశం మండలములు ప్రధానముగా మైదానములు. నల్లరేగడి నేల, వాన వెలిసిన పిమ్మట చేలోనికి పోయినవాని కాళ్లను విడువదు. కార్తికము దాటిన పిదప పత్తిచేలు తెల్లగా పగులును. మాఘఫాల్గుణములలో ఊళ్లచుట్టును మిరపకల్లములు ఎఱ్ఱగా పరచుకొనును. ఆ ఘాటునకు బాటసారికి తుమ్ము రాక తప్పదు. కల్లమున నిలువబడి చూచినచో నాలుగు దిక్కులందును చూపునకు అడ్డు లేదు. పొరుగూరు పోయి తిరిగివచ్చువాడు ఎంతో దూరముననే గుర్తుపట్టబడును. ఇట్టి నేలపై మనిషి దాగుటకు తావు లేదు. కావుననే, మనలో ఒకరు కనుపించకపోయినచో మన చూపు కొండవైపునకు పోవును. మైదానము నడుమ కోటప్పకొండయు, కొండవీడును, వినుకొండయు లేచి నిలిచియున్నవి. పడమట, కృష్ణకును పెన్నకును నడుమ, నల్లమల ఉత్తరదక్షిణములుగా సాగియున్నది.

"దేశాలు పట్టి పోయినాడు" అందురు మనవారు. మా వైపున దేశములనగా మొదట కొండలే. అప్పులపాలైనవాడు, ఇంట అలిగినవాడు, విరక్తి కలిగినవాడు, అందరికిని త్రోవ ఒక్కటే. దోర్నాల దాటిన బస్సు ఘాటురోడ్డు ఎక్కి శ్రీశైలము చేరును. అచ్చట సత్రములు కలవు, అన్నదానము కలదు, ఊరును పేరును అడుగకుండ ఒక పని చెప్పి అన్నము పెట్టువారు కలరు.

ఆంగ్లసాహిత్యమున ఇట్టి కథలకు ఒక శాఖయే ఏర్పడియున్నది. ప్రణయమును ఉత్కంఠను పెనవేసి నడపు నవలలవి. మేరీ స్ట్యూవర్టు అను రచయిత్రి ఇందు ప్రసిద్ధి గాంచినది. 1962లో వెలువడిన ఆమె నవల 'ది మూన్ స్పిన్నర్స్'లో, సెలవులు గడుపుటకు క్రీటు ద్వీపమునకు వచ్చిన యువతి ఒకతె, అచ్చటి కొండలలో గాయపడి దాగియున్న యువకుని చూచును. అతని తమ్ముడు, ఇంకను మీసము రాని బాలుడు, కనుపించుట లేదు. అన్న కదలలేడు. ఆమె ఊరుకొనలేదు. వెదకుట సాగుకొలది ప్రమాదమును పెరుగును, ఆ యిరువురి నడుమ అనురాగమును పెరుగును. 1964లో దీనిని డిస్నీ సంస్థ చలనచిత్రముగా తీసినది. ఇట్టి పుస్తకము చేతపట్టినవారికి ఆ రాత్రి నిద్ర ఉండదు. ఎచ్చట ఉన్నాడు, ప్రాణముతో ఉన్నాడా, ఎవరు దాచినారు అను మూడు ప్రశ్నలు మనలను చివరి పుటదాక లాగుకొనిపోవును. తప్పిపోయినవాడు దొరుకును, పుస్తకము ముగియును.

మన కథలు అచ్చట ముగియవు. వెదకి కనుగొనుట ఒక యెత్తు, కనుగొన్నవానిని ఇంటికి తెచ్చుకొనుట మరియొక యెత్తు అని మన పెద్దలు ఎరుగుదురు. ఈ రెండవదియే కష్టము. నేటి ప్రసంగమున మేము మనవి చేయదలచినది ఈ ఒక్క మాటయే.

రామాయణమునే తీసికొందము. కిష్కింధకాండ మొదలు సగము కథ కొండలలో వెదకుటయే గదా. రావణుడు ఎత్తుకొనిపోవుచుండగా సీతమ్మ కొండపై కూర్చున్న ఐదుగురు వానరులను చూచి, నగలు మూటగట్టి వారినడుమ జారవిడిచినది. నేటి మా ప్రకటనలలో గుర్తులు చెప్పుదుము గదా. ఆ నగలమూటయే ఆమె తనను గూర్చి తాను చేసికొన్న ప్రకటన. లక్ష్మణుడు అందులో అందెలను మాత్రమే గుర్తింపగలిగెను. ప్రతిదినము వదినెగారి పాదములకు మ్రొక్కినవాడు గనుక అవి మాత్రమే ఆయన ఎరుగును. సుగ్రీవుడు నాలుగు దిక్కులకును వానరులను పంపి నెలదినముల గడువు విధించెను. తూర్పునకు వినతుడు, పడమటికి సుషేణుడు, ఉత్తరమునకు శతబలి పోయి, వట్టిచేతులతో తిరిగివచ్చిరి. దక్షిణమునకు పోయిన అంగద హనుమదాదులు గుహలో చిక్కి, స్వయంప్రభ దయవలన వెలికివచ్చి చూచుకొనునప్పటికి గడువు దాటిపోయినది. ఇక తిరిగిపోయి ఫలము లేదని అన్నపానములు మాని దర్భలపై కూర్చుండిరి.

అప్పుడు వార్త వచ్చినది. తెచ్చినవాడు సంపాతి. వారిని ఆహారముగా భావించి వచ్చిన ఆ ముసలిపక్షి, వారి మాటలలో జటాయువు పేరు విని నిలిచిపోయెను. జటాయువు ఆయన తమ్ముడు. తమ్ముడు పోయిన సంగతి ఆయనకు అప్పుడే తెలిసినది. ఆ దుఃఖముననే సీత లంకలో ఉన్నదని వారికి చెప్పెను. ఒక యింటివారికి ఆచూకి చెప్పినవాడు తానును ఒకరిని పోగొట్టుకొన్నవాడు. ఈ ఘట్టమును మేము చిన్నతనమున పురాణకాలక్షేపమున వింటిమి. దాని విలువ తరువాత తెలిసినది.

హనుమంతుడు సీతమ్మను కనుగొనెను. ఆమె వెంటనే నమ్మలేదు. రామలక్ష్మణుల గుర్తులు చెప్పుమన్నది. ఆయన చెప్పెను, ఉంగరము చూపెను. నా వీపుపై కూర్చుండుము, ఇప్పుడే చేర్చెదనని కూడ అనెను. ఆమె అంగీకరింపలేదు. రావలసినవాడు రాముడేనని ఆమె నిశ్చయము. కనుగొనుట అయినది, తెచ్చుకొనుటకు మాత్రము సముద్రము దాటి యుద్ధము చేయవలసివచ్చినది. యుద్ధము గెలిచిన పిమ్మటనైనను కథ సుఖాంతమైనదా? తెచ్చుకొన్నవారు ప్రశ్నించిరి, లోకము ప్రశ్నించినది, ఉత్తరకాండలో సీతమ్మ మరల అడవులపాలైనది. వెదకుట ఎట్లో వానరులకు తెలిసినది. తెచ్చుకొన్న తరువాత ప్రశ్నింపకుండుట అయోధ్యకు తెలియలేదు.

మన మైదానము నడుమనే ఇట్టి కథ మరియొకటి కలదు. నరసరావుపేటకు ఏడెనిమిది మైళ్ల దూరముననున్న కోటప్పకొండను ఎరుగనివారు మా ప్రాంతమున లేరు. 2022లో జిల్లాలు విభజింపబడినప్పటినుండి అది పల్నాడు జిల్లాలో చేరినది. ఏ వైపునుండి చూచినను మూడు శిఖరములు కనుపించుటచే దానికి త్రికూటాద్రి అని పేరు. అవి బ్రహ్మ, విష్ణు, రుద్ర శిఖరములు. ఉత్తరపు వైపున యల్లమంద గ్రామము. స్థలపురాణము ప్రకారము ఆ యూర సాలంకయ్య అను శివభక్తుడు ఉండెను. తమ్ముళ్లతో కలిసి కొండలో కట్టెలు కొట్టి అమ్ముకొని జీవించెడివాడు. అతని యింటికి ఒక జంగమదేవర వచ్చుచు పోవుచు ఉండెను. ఆ రాకతో ఇల్లు కళకళలాడెను. ఒకనాడు జంగమయ్య కనుపించలేదు. సాలంకయ్య కొండలన్నియు గాలించెను, గుహలన్నియు చూచెను. చివరకు అన్నము మాని కూర్చుండెను. సముద్రతీరమున వానరులు కూర్చున్నట్లే.

కొండకు దక్షిణమున కొండకావూరు. ఆ యూరి గొల్లపిల్ల ఆనందవల్లి. సాలంకయ్య వెదకుచున్న ఆ జంగమయ్య రుద్రశిఖరమున తపస్సులో ఉన్నాడని ఆమె ఎరుగును. ప్రతిదినము పాలును నీరును మోసికొని ఆ యేటవాలు ఎక్కి సేవించెడిది. ఒకనాడు దించిన నీళ్లకుండను కాకి ఒలకబోసినదట. కాకులు ఈ కొండపై వ్రాలకుండుగాక అని ఆమె శపించినదట. ఇప్పటికిని కోటప్పకొండపై కాకి వ్రాలదని మావారి నమ్మకము. కొంతకాలమునకు ఆమె గర్భవతియయ్యెను. ఎక్కుట కష్టమైనది. స్వామీ, నేను పైకి రాలేను, మీరే మా యింటికి రండని వేడుకొన్నది. సరే, నీవు ముందు నడువుము, నేను వెనుక వచ్చెదను, కాని ఇల్లు చేరువరకు వెనుదిరిగి చూడరాదు, చూచినచో అచ్చటనే నిలిచిపోదునని ఆయన చెప్పెను.

ఆమె ముందు నడిచెను. ఇచ్చటివరకు వచ్చిన శ్రోతలకు ఆంగ్లనవలలో లేని ఉత్కంఠ ఇచ్చట కనుపింపవలెను. తప్పిపోయినవాడు దొరకినాడు, వచ్చుచున్నాడు. మిగిలినది నడక ఒక్కటే. బ్రహ్మశిఖరము చేరునప్పటికి వెనుక కొండలు పగులునట్టి ధ్వనులు వినబడినవి. ఆమె తిరిగి చూచెను. ఆయన అచ్చటి గుహలో ప్రవేశించి లింగరూపమున నిలిచిపోయెను. ఆమెయు అచ్చటనే శివైక్యము చెందెను. ఉపవసించుచున్న సాలంకయ్యకు, నేను బ్రహ్మశిఖరమున ఉన్నానని స్వామి తెలిపెననియు, అతడు ఆలయము కట్టించెననియు కథ. నేటికిని మెట్లదారిని ఎక్కువారికి ముందుగా గొల్లభామ గుడి కనుపించును.

యవనుల పురాణమున ఆర్ఫియస్ కథ దాదాపు ఇట్టిదే. చనిపోయిన భార్యను వెదకికొనుచు పాతాళమునకు పోయి, తిరిగి చూడరాదను షరతుపై తెచ్చుకొనుచు, వెలుతురు అంచున తిరిగి చూచి ఆమెను పోగొట్టుకొన్నాడు. రెండు కథలును ఒకదానినొకటి ఎరుగవు. అయినను రెండిటికిని తెలిసిన సంగతి ఒకటి కలదు. వెనుక వచ్చువాడు వచ్చుచున్నాడో లేదో అను అనుమానమును మోయుట, కొండ ఎక్కి వెదకుటకంటె బరువైన పని. అయితే యవనకథలో తిరిగి చూచినవానికి శూన్యమే మిగిలినది. మన కథలో తిరిగి చూచిన చోట గుడి లేచినది. తప్పుచేసిన పిల్లయని మనవారు గొల్లభామను నిందింపలేదు. ఆమెకు మ్రొక్కియే పైకెక్కుదురు.

మహాశివరాత్రికి ఆ కొండక్రింద జరుగు తిరునాళ్లను గూర్చి వేరుగ చెప్పనక్కరలేదు. చుట్టుపట్ల గ్రామములనుండి తాటిచెట్లను మించిన ప్రభలు, విద్యుద్దీపములతో, రాత్రియంతయు మైదానమును వెలిగించుచు కొండకు చేరును. "చేదుకో కోటయ్యా" అని జనము ఎలుగెత్తి పిలుచును. చేదుట అనగా బావిలోనుండి నీళ్లు పైకి లాగుట. మైదానముననున్నవాడు తాను బావిలో పడియున్నట్లు భావించి, కొండమీదివానిని చేదుకొమ్మని పిలుచుట ఎంత గొప్ప ఊహ!

ఇక నల్లమలలో వెదకుట ఎట్టిదో తెలియుటకు పురాణములవరకు పోనక్కరలేదు. 2009 సెప్టెంబరు 2వ తేదీ ఉదయము, నాటి ముఖ్యమంత్రి వై.యస్. రాజశేఖరరెడ్డిగారితో మొత్తము ఐదుగురు ఉన్న హెలికాప్టరు హైదరాబాదునుండి చిత్తూరు జిల్లాకు పోవుచు, వర్షములో, నల్లమలపై అదృశ్యమైనది. వాయుసేన విమానములు వెదకినవి. ఉపగ్రహము సహాయము తీసికొనిరి. వేలకొలది పోలీసులును, అడవి నెరిగిన చెంచులును, గ్రామస్థులును బయలుదేరిరి. ఆ పగలును ఆ రాత్రియు రాష్ట్రమంతయు రేడియోల ముందును టెలివిజనుల ముందును కూర్చున్నది. మరునాటి ఉదయమున పావురాలగుట్ట కడ శకలములు కనుపించినవి. ఐదుగురిలో ఎవరును మిగులలేదు. రాష్ట్రమును పాలించువారిని వెదకుటకే ఆ కొండలు ఒక దినము పట్టించుకొన్నవి. ఇక చేత ఒక ఛాయాచిత్రము పట్టుకొని బస్సెక్కిన రైతుకుటుంబము సంగతి చెప్పనేల?

మేము ఎరిగిన కుటుంబము మాదే. 1987-88 పంటకాలమున గుంటూరు, ప్రకాశం జిల్లాల పత్తిపై తెల్లదోమ విరుచుకుపడినది. పైరిథ్రాయిడు మందులు మోతాదు మించి చల్లినకొలది దోమ తగ్గుటకు మారు పెరిగినది. ఆకుల అడుగున దోమ, పైన నల్లని మసి. ఆ యేడు అప్పులు తీర్పలేక పత్తిరైతులు ప్రాణములు తీసికొనిన వార్తలు పత్రికలలో వరుసగా వచ్చినవి. మాకప్పుడు ఏడేండ్లు. మా బాబాయి కౌలుకు పదెకరములు పత్తి వేసియుండెను. ఒకనాటి ఉదయము మందుడబ్బాను గట్టుమీద పెట్టి, తలగుడ్డ దానిపై మడిచి పెట్టి, పోయినాడు.

మందుడబ్బా నిండుగా ఉన్నదని తెలిసిన పిమ్మట పెద్దలు కొంత ఊపిరి పీల్చుకొనిరి. అయినను మూడు దినములు ఊరిబావులన్నిటిలోను గాలములు వేసి చూచిరి. నాలుగవ దినమున వినుకొండనుండి వచ్చిన ఒకరు, దోర్నాలలో శ్రీశైలము బస్సెక్కుచుండగా చూచినట్లున్నదనిరి. మా తండ్రిగారు పెండ్లినాటి ఛాయాచిత్రమును తీసికొని బయలుదేరిరి. సత్రములు చూచిరి. పాతాళగంగ మెట్లు దిగి చూచిరి. సాక్షిగణపతి, శిఖరేశ్వరము, హాటకేశ్వరము అన్నియు తిరిగిరి. చెంచుగూడెములలో అడిగిరి. రెండుమారులు పోయి రెండుమారులును వట్టిచేతులతో వచ్చిరి. చివరకు రేడియోకు ప్రకటన ఇచ్చిరి. ఈ ప్రసంగము మొదట మేము వినిపించిన వాక్యములు ఆ ప్రకటనలోనివే. కుడి మోచేతిక్రింది మచ్చ, చిన్ననాడు బెల్లపుపాకము పడి కాలినది.

మా పిన్ని ఎవరితోను మాటాడదయ్యెను. సాయంకాలములందు కోటప్పకొండకు ఎదురుగా అరుగుపై కూర్చుండెడిది. శివరాత్రికి మా యూరి ప్రభ కదలినది. ఏటేట మోకు పట్టి లాగు మా బాబాయి లేడు. పిన్ని మాతోపాటు కొండకు వచ్చి, మెట్లదారిలో గొల్లభామ గుడి కడ కూర్చుండిపోయినది. స్వామిని చూడనే లేదు. పైకి రాకుంటివేమని మా నాయనమ్మ కోపగించగా, "ఆవిడతో మాట్లాడాల్సిన పని పడింది అత్తమ్మా" అన్నది.

చైత్రమున ఒక కార్డు వచ్చినది. వ్రాసినవారు మార్కాపురము వైపు వృద్ధులొకరు. మాకు ముక్కు మొగము ఎరుగని మనిషి. ఆయన కుమారుడు రెండేండ్ల క్రిందట ఇల్లు విడిచిపోయెనట. శ్రీశైలమున సత్రము అరుగులపై ఉండి, చిన్న రేడియో చెవికానించుకొని, తప్పిపోయినవారి ప్రకటనలన్నియు వినెడివారట. తన కొడుకు మాట వచ్చునేమోయని విని విని, పరులబిడ్డల గుర్తులు ఆయనకు కంఠస్థమైనవి. ఒకనాడు అన్నదానమున తనకు నీళ్లుపోసిన చేతిపై కాలిన మచ్చ చూచి, ఏమియు పలుకక, కార్డు వ్రాసిరి. సంపాతి కథ మాకు అర్థమైనది అప్పుడే.

ఈమారు పిన్ని తానే పోవుదునన్నది. మా తండ్రిగారు తోడు వెళ్లిరి. తరువాత జరిగినది మా తండ్రిగారు చెప్పగా వింటిమి. సత్రము వెనుక మా బాబాయి కుళాయికడ బిందెలు నింపుచుండెను. వీరిని చూచి తల వంచుకొనెను. మా తండ్రిగారు చేయి పట్టుకొనబోగా పిన్ని వారించి, "బావగారూ, మీరు ముందు బస్సులో వెళ్లిపొండి" అన్నది. బాబాయివైపు చూడక, "నేను ముందు నడుస్తాను. రావాలనిపిస్తే వెనక రండి. నేను చూడను, అడగను" అని చెప్పి బస్సుల కడకు నడిచినది.

మా తండ్రిగారు మధ్యాహ్నమునకు ఒంటరిగా ఇల్లు చేరి ఈ సంగతి చెప్పునప్పటికి ఇంట కేకలు మొదలైనవి. దొరకిన మనిషిని చేజేతుల విడిచివచ్చితివా అని నాయనమ్మ నెత్తి బాదుకొనినది. శ్రీశైలమునుండి మా యూరికి తిన్నని బస్సు లేదు. దోర్నాల, యర్రగొండపాలెము, వినుకొండ దాటి, నరసరావుపేటలో బస్సు మారవలెను. మనసు మారినవాడు దిగిపోవుటకు దారిలో ఎన్ని ఊళ్లు!

దీపాలవేళకు ఆఖరిబస్సు ఊరిబయట ఆగినది. మేము అరుగుపై ఉంటిమి. ముందు పిన్ని కనుపించినది. తిన్నగా మాకు ఎదురుగా, తల అటునిటు కదల్పక నడచివచ్చుచున్నది. ఆమె వెనుక దుమ్ము తప్ప మరేమియు కనబడలేదు. బస్సు కదలి, దుమ్ము అణగుటకు ఎంతసేపు పట్టినదో చెప్పలేము. పిన్ని అరుగు దగ్గరకు వచ్చి మా ముందు ఆగినది. "నా వెనకాల ఎవరన్నా వస్తున్నారా నాన్నా?" అని అడిగినది. రావిచెట్టు క్రింద, చేతులు వెనుకకు కట్టుకొని, బాబాయి నిలుచుండియున్నాడు. మేము చెప్పితిమి. అప్పుడును ఆమె తిరుగలేదు. లోనికి పోయి, చెంబుతో నీళ్లు తెచ్చి గడపప్రక్క పెట్టి, "కాళ్లు కడుక్కోమను" అని వంటింటిలోనికి పోయినది.

ఎందుకు పోయితివి, ఎట్లుంటివి, మా గతి తలచితివా అని ఆమె ఆ నాడును అడుగలేదు, తరువాతను అడుగలేదు. అప్పు మిరపపంటలమీద ఆరేండ్లకు తీరినది. బాబాయి మరల పత్తి వేయలేదు. ఆ మార్కాపురపు వృద్ధులకు మా తండ్రిగారు రెండు ఉత్తరములు వ్రాసిరి, జవాబు రాలేదు. ఆయన బిడ్డ దొరకెనో లేదో మాకు తెలియదు.

ఉద్యోగమున చేరిన పిమ్మట ఒకసారి మేము పిన్నిని అడిగితిమి: అంత దారిలో ఒక్కమారైనను వెనుక చూడవలెనని అనిపించలేదా అని. రెండు టిక్కెట్లకు డబ్బిచ్చి, "వెనక ఎక్కినాయన ఉంటే ఇవ్వండి, లేకపోతే నాతో చెప్పొద్దు" అని కండక్టరుతో అన్నదట. ఆ మీదట ఆయన ముఖమువంక చూచుటకు భయపడి, చిల్లరకూడ తల వంచుకొని పుచ్చుకొన్నదట. ఇది చెప్పి నవ్వి, "అనిపించకేం నాయనా. వినుకొండ దగ్గరకొచ్చేసరికి మెడ పట్టేసింది" అన్నది.

శ్రోతలలో ఎవరి యింటినుండియు ఎవరును కొండలు పట్టి పోకుందురుగాక. పోయినవారి ప్రకటన వినబడినప్పుడు మాత్రము పాటకొరకు తొందరపడక ఆ నాలుగైదు వాక్యములు వినుడు. మచ్చ చెప్పు వాక్యమును మేము కొంచెము ఆగి, నిదానముగ చదువుదుము. అది మీలో ఒకరికి జ్ఞాపకముండవచ్చును. దైవవశమున మీ యింటివాడే దొరకి వెనుక నడచివచ్చుచున్నచో, ఆ దినమునకు ప్రశ్నలు వాయిదా వేసి, గడపప్రక్క చెంబెడు నీళ్లు పెట్టుడు.